పాచికల పంచాయితీ

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ వార్‌హ్యామర్ 40,000 మీదే. చదరంగం, క్యారమ్స్ వాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. ఆట తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ కేంద్రంగా ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళు 1987లో మొదలుపెట్టిన ఆట ఇది. ప్లాస్టిక్ సైనికుల్ని కొని, అతికించి, రంగులేసి, బల్ల మీద టేపుతో కొలుచుకుంటూ నడిపి, డైస్ వేసి కొట్టుకుంటారు. ఒక్కో దళానికి పాయింట్లలో ధర ఉంటుంది. మామూలుగా అటూ ఇటూ 2000 పాయింట్ల సైన్యం, ఐదు రౌండ్ల ఆట. కింద చెప్పేవన్నీ 2023 జూన్‌లో వచ్చిన పదో ఎడిషన్ ప్రకారం. ఏ దళం ఎన్ని పాయింట్లో మాత్రం రాయను. ఆ ధరలు ఏడాదిలో చాలాసార్లు మారతాయి, పత్రిక అచ్చయ్యేలోపే పాతబడతాయి.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నా సంగతి: డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. ఆదివారాలు మల్కాజిగిరిలో మా తమ్ముడి మేడ మీద గదిలో బల్ల వేస్తాం. గొడవొచ్చినప్పుడల్లా తీర్పు నన్నే అడుగుతారు.

ప్రశ్న: అక్కా, నాకూ మా దోస్తుకూ మాటల్లేవు. వాని దళానికి లీథల్ హిట్స్, డివాస్టేటింగ్ వూండ్స్ రెండూ ఉన్నయి. హిట్ రోల్‌ల ఆరు పడంగనే "ఆటోమేటిగ్గ వూండ్ అయింది, ఆరే గదా, డివాస్టేటింగ్ గూడ అయింది, నీకు సేవ్ లేదు" అంటడు. నేను ఒప్పుకోలే. గీ పంచాయితీ జర తెంపు.
— కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: నువ్వన్నదే రైటు తమ్ముడూ. మీవాడికి ఈ పేజీ చూపించి ఇక మాట్లాడుకోండి.

ఈ ఆటలో ప్రతి దెబ్బకూ మూడు దశలుంటాయి. తగిలిందా అని హిట్ రోల్, గాయమైందా అని వూండ్ రోల్, కవచం ఆపిందా అని సేవ్. హిట్ రోల్‌లో ప్లస్సులూ మైనస్సులూ కలపకముందు డైస్ మీద కనిపించిన ఆరు క్రిటికల్ హిట్. వూండ్ రోల్‌లో అలా కనిపించిన ఆరు క్రిటికల్ వూండ్. లీథల్ హిట్స్ పట్టించుకునేది మొదటి ఆరును. "ఇది గాయమైనట్టే, ఇంకో డైస్ వెయ్యక్కర్లేదు" అని రెండో దశను ఎత్తేస్తుంది. డివాస్టేటింగ్ వూండ్స్‌కు కావలసింది రెండో దశలో పడే ఆరు. అసలు వెయ్యని డైస్ మీద ఆరెక్కడ పడుతుంది? అలాంటి దెబ్బకు నీ సేవ్ నీకుంటుంది, దర్జాగా వేసుకో.

లెక్క చూస్తే మీవాడికి ఇంకా మండుతుంది. 3+ గురి (మూడు, ఆపైన పడితే తగిలినట్టు) ఉన్న తుపాకీతో 36 షాట్లు కొట్టాడనుకో. లీథల్ లేకపోతే 24 తగులుతాయి, 24 వూండ్ రోల్స్ వేస్తాడు, వాటిలో సగటున నాలుగు ఆర్లు పడతాయి, అంటే నాలుగు డివాస్టేటింగ్. లీథల్ ఉంటే ఆ 24లో ఆరు దెబ్బలు వూండ్ రోల్ లేకుండానే పోతాయి, మిగిలిన 18కే రోల్. డివాస్టేటింగ్ మూడే వస్తాయి. రెండూ ఉన్నాయని మురిసిపోతున్నాడు గానీ ఒకటి రెండోదాన్ని కొరుక్కు తింటోంది.

మరి లీథల్ ఎక్కడ పనికొస్తుంది? ఆరు పడితే తప్ప గాయం కాని బండ శత్రువు మీద. అవే 36 షాట్లు అలాంటి ట్యాంకు మీద కొడితే మామూలుగా నాలుగు వూండ్లు, లీథల్‌తో తొమ్మిది. రెట్టింపు దాటింది. అదే 2+కే గాయమయ్యే బక్క సైనికుల మీదైతే 20 బదులు 21. ఆ ఒక్క వూండ్ కోసం దళానికి లీథల్ తెచ్చే నాయకుణ్ణి కొని దళంలో చేర్చడం డబ్బు దండగ. లీథల్ ఉన్న దళాన్ని పెద్ద బండి మీదికి తోలమని మీవాడికి చెప్పు.

ఇంకోటి. పదో ఎడిషన్ వచ్చిన కొత్తలో డివాస్టేటింగ్ దెబ్బలో మిగిలిన డ్యామేజీ పక్క సైనికుడి మీదికీ పోయేది. దళాలకు దళాలే ఊడ్చుకుపోతుంటే అందరూ మొత్తుకున్నారు, అదే ఏడాది సెప్టెంబరులో మార్చారు. ఇప్పుడు సేవ్ ఉండదు, ఏ ఆయుధానికీ తగ్గని ఇన్వల్నరబుల్ సేవ్ కూడా ఉండదు, కానీ ఒక దెబ్బ ఒక బొమ్మతోనే ఆగిపోతుంది. మీవాడు పాత కాగితం ప్రింటు తీసి పెట్టుకున్నాడేమో, అది కూడా చూడు.

ప్రశ్న: మేడమ్, నేను ఆస్ట్రా మిలిటారమ్ (మామూలు మనుషుల సైన్యం, గార్డు అని కూడా అంటారు) ఆడతాను. లిస్టు జత చేశాను. ఐదు లెమన్ రస్ ట్యాంకులు, ఒక ఆఫీసరు, ఇరవై మంది కేడియన్ సైనికులు, మిగిలిందంతా ఫిరంగులు. ప్రతి ఆటలో ఎదుటివాళ్ళ సైన్యంలో సగానికి పైగా లేపేస్తాను. చివర్లో స్కోరు చూస్తే ఓడిపోయి ఉంటాను. ఎక్కడ తేడా కొడుతోంది?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సైనిక్‌పురి

జవాబు: లిస్టు చెల్లుతుంది. ట్యాంకుల్లాంటి వాటిలో ఒకే డేటాషీట్, అంటే దళం అంకెలూ రూల్సూ ఉండే కాగితం, మూడుకు మించకూడదు గానీ రస్‌లో ఒక్కో రకానిది ఒక్కో డేటాషీట్, కాబట్టి ఐదైనా తప్పులేదు. చూడ్డానికి భలే ఉంటుంది కూడా. గెలవడానికే అక్కరకు రాదు.

స్కోరుబోర్డులో శవాలకు మార్కులు తక్కువండీ. నూటికి 50 ప్రైమరీ మిషన్‌వి, 40 సెకండరీ అనే చిన్న లక్ష్యాలవి, 10 రంగులేసినందుకు. టేక్ అండ్ హోల్డ్ అనే మామూలు మిషన్‌నే తీసుకోండి. రెండో రౌండు నుంచి మీ కమాండ్ ఫేజ్ చివర మీ చేతిలో ఉన్న ఒక్కో ఆబ్జెక్టివ్‌కు, అంటే బల్ల మీద మార్కరు పెట్టిన చోటుకు, 5 పాయింట్లు, ఒక టర్నులో 15 దాకా. కమాండ్ ఫేజ్ అంటే మీ టర్నులో మొట్టమొదటి దశ, మీరింకా ఎవర్నీ కదపకముందు. అంటే ఈ టర్నులో వెళ్ళి ఆబ్జెక్టివ్ మీద నిలబడితే ఏమీ రాదు. ఎదుటివాడి టర్నంతా గడిచి, వాడు కాల్చింది కాల్చి, కొట్టింది కొట్టి, మళ్ళీ మీ వంతు వచ్చేసరికి మీ మనుషులు ఇంకా అక్కడే ఉండాలి. మీ ట్యాంకులు చంపుతాయి, కానీ బల్ల నడుమ ఒక టర్ను కాపలా కాసే జనం మీ దగ్గర లేరు.

ఆబ్జెక్టివ్ ఎవరిదో తేల్చేది ఆబ్జెక్టివ్ కంట్రోల్ అంకె. అందరూ ఓసీ అంటారు. మార్కరుకు మూడంగుళాల లోపున్న ఇరుపక్షాల ఓసీలు కూడితే ఎవరిది ఎక్కువైతే వాళ్ళది. లెమన్ రస్ ఓసీ 3. కేడియన్ ఒక్కొక్కడిది 2, పదిమందికి 20. పదిమందిలో ఏడుగురు పోయినా మిగిలిన ముగ్గురి ఓసీ 6, మీ ట్యాంకుకు రెట్టింపు. 13 వూండ్ల ప్రాణమున్న ఇనుప గుట్ట పక్కన ముగ్గురు కుర్రాళ్ళు నిలబడితే ఆ జాగా వాళ్ళదే. మొదటిసారి చూసినవాళ్ళకు ఇది అన్యాయంలా ఉంటుంది, నాకు మాత్రం ఈ ఆటలో నచ్చిందే ఇది.

అయితే ఒక మెలిక ఉంది. దళం సగం కంటే తగ్గితే తన కమాండ్ ఫేజ్‌లో బ్యాటిల్‌షాక్ అనే ధైర్య పరీక్ష రాయాలి. ఓడితే ఓసీ సున్నా. లీడర్‌షిప్ 7+ ఉన్న దళానికి రెండు డైస్ మీద ఏడు, ఆపైన పడే అవకాశం 36లో 21, అంటే 58 శాతం. ఆ పరీక్ష అయ్యాకే ఆబ్జెక్టివ్ పాయింట్లు లెక్కేస్తారు. కాబట్టి ఒక కమాండ్ పాయింటు (ప్రత్యేక ఎత్తులకు ఖర్చుపెట్టేది) దాచి ఇన్సేన్ బ్రేవరీ అనే ఎత్తు వాడండి, డైస్ వెయ్యకుండానే నెగ్గినట్టు. ఆట మొత్తంలో ఒక్కసారే. మూడో రౌండులోనో నాలుగో రౌండులోనో పది పాయింట్లు దాని మీద ఆధారపడే క్షణం ఒకటి వస్తుంది, అప్పటిదాకా ఆ పాయింటు ముట్టుకోకండి.

ఇక మీ ఉత్తరంలో "ల్యాండ్ రైడర్ కనిపిస్తే అన్ని ట్యాంకులూ దాని మీదే" అన్నారు. అక్కడ ఆగుదాం. స్పేస్ మెరీన్ సైన్యపు పెద్ద ట్యాంకు ల్యాండ్ రైడర్ టఫ్‌నెస్ 12, సేవ్ 2+, వూండ్లు 16. ల్యాస్‌కేనన్ అనే తుపాకీ స్ట్రెంగ్త్ 12, సేవ్‌ను దిగజార్చే ఏపీ మైనస్ 3, డ్యామేజీ ఒక డైస్ ప్లస్ 1. స్పేస్ మెరీన్ 3+ గురితో కొడితే తగిలేది మూడింట రెండు వంతులు, గాయమయ్యేది సగం, సేవ్ 5+కు దిగజారుతుంది కాబట్టి అందులో మూడింట రెండు వంతులు లోపలికి దిగుతాయి, సగటు డ్యామేజీ నాలుగున్నర. అన్నీ గుణిస్తే సరిగ్గా ఒకటి. ఒక షాటుకు ఒక వూండు, అంటే బండి పేలడానికి సగటున 16 షాట్లు! మీ గార్డు మనుషుల గురి 4+, కాబట్టి షాటుకు ముప్పావు వూండే, 21 షాట్లు దాటాలి. ఆఫీసరు టేక్ ఎయిమ్ ఆర్డరిస్తే 3+ అయి మెరీన్‌తో సమానమవుతారు. అందుకే ట్యాంకులున్న లిస్టులో ట్యాంకులకు ఆర్డరివ్వగల ఆఫీసరు తప్పదు. మీ ఆఫీసరు కాలినడక మనుషులకే ఆర్డర్లిచ్చే రకం. డేటాషీట్‌లో ఆర్డర్లు ఎవరికి వర్తిస్తాయో రాసి ఉంటుంది, చూడండి.

మల్టీ మెల్టా అనే తుపాకీ దీనికంటే ఘాటు. స్ట్రెంగ్త్ 9 కాబట్టి 5+కే గాయమవుతుంది గానీ ఏపీ మైనస్ 4, షాట్లు రెండు. రేంజిలో సగం లోపు, అంటే తొమ్మిదంగుళాల్లోకి వెళ్తే డ్యామేజీకి రెండు కలుస్తుంది. మెరీన్ చేతిలో తుపాకీకి రెండు వూండ్లు వస్తాయి. ఎదుటివాడు మీ మనిషిని అంత దగ్గరికి రానిస్తాడా అన్నదే ప్రశ్న. 48 అంగుళాల నుంచి కొట్టే ల్యాస్‌కేనన్‌కు ఆ బెంగ లేదు.

ఇన్ని షాట్లు ఒక్క బండి మీద తగలేసే బదులు, ఆ బండి ఒక టర్ను ఎటు కదలగలదో అటు పదిమందిని అడ్డం నిలబెట్టి, మిగతా ట్యాంకులతో ఆబ్జెక్టివ్‌ల మీదున్న కాల్బలాన్ని ఊడ్చండి. మీ ట్యాంకులు పుట్టింది దానికే.

లిస్టులో ఏం మార్చాలంటే: రెండు రస్‌లు ఇంట్లో వదిలెయ్యండి. ఏ రెండు అంటారా, మీకు ఇష్టమైన రెండూ ఉంచుకుని మిగతా వాటిలోంచి తియ్యండి, ఇష్టం లేని బొమ్మతో ఎవరూ బాగా ఆడరు. వచ్చిన పాయింట్లతో ఇంకో రెండు పదిమంది దళాలు, పైనుంచి దిగడానికి ఒక టెంపెస్టస్ సయాన్స్ దళం, ఇంటి ఆబ్జెక్టివ్ దగ్గర గోడ చాటున కూర్చోవడానికి చవకైన మోర్టారు జట్టు. ఆ మోర్టారు వాళ్ళు ఎవర్నీ చంపకపోయినా పర్వాలేదు. వాళ్ళు అక్కడ కూర్చోబట్టే మీ మంచి దళం ముందుకు పోగలుగుతుంది.

మనవాళ్ళ అక్షౌహిణి లెక్క గుర్తుందా? 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. మొత్తంలో సరిగ్గా సగం నేల మీద నడిచేవాళ్ళే. మీ లిస్టులో బొమ్మల్ని ఆ కంటితో ఒకసారి చూడండి, ఏనుగులు మరీ ఎక్కువయ్యాయి.

ప్రశ్న: డీప్ స్ట్రైక్‌లో దిగిన వెంటనే ఛార్జి చెయ్యడం తెలివైన పనేనా? ఛార్జి డైస్‌లో ఒకటి బాగా పడి ఇంకోటి చెడితే ఆ ఒక్కదాన్నే మళ్ళీ వెయ్యొచ్చా?
— హన్మకొండ నుంచి ఉప్పల్‌కు వచ్చిన విద్యార్థి

జవాబు: డీప్ స్ట్రైక్ అంటే ఆట మధ్యలో పైనుంచి దిగడం, ఛార్జి అంటే శత్రువు మీదికి ఉరకడం. శత్రువుకు తొమ్మిదంగుళాల అవతల దిగుతావు, కాబట్టి రెండు డైస్ మీద తొమ్మిది, ఆపైన కావాలి. 36లో 10, అంటే 28 శాతం కూడా లేదు. మళ్ళీ వెయ్యనిచ్చే కమాండ్ రీరోల్‌కు ఒక కమాండ్ పాయింటు ఖర్చుపెడితే దాదాపు 48 శాతం. ఒక్క డైస్‌ను మళ్ళీ వెయ్యడం కుదరదు, ఛార్జి రోల్ అంటే రెండూ కలిపి ఒకే రోల్, వేస్తే రెండూ వెయ్యాలి. ఆరూ రెండూ కలిసి ఎనిమిది పడ్డప్పుడు కూడా ఆ ఆరును వదులుకోవాల్సిందే. ఛార్జి కుదిరితే లాభం, కుదరకపోయినా ఆ దళం దిగిన చోట ఏదో పని ఉండాలి. అలాగైతేనే దింపు.

ప్రశ్న: మా గ్రూపులో రెండు ఆటలకోసారి "నీకు కనిపిస్తోంది, కనిపించట్లేదు" అనే దగ్గర గొంతులు లేస్తున్నాయి. మొన్న ఒకాయన నా ట్యాంకు యాంటెన్నా కొస కనిపించిందని దాన్ని పేల్చేశాడు. ఇదేం న్యాయం? అన్ని ఆటలకూ ఒక అంపైరును పెట్టుకుంటే పోదా?
— పద్మారావునగర్ పాఠకుడు, వయసు 41

జవాబు: యాంటెన్నా విషయంలో ఆయనదే రైటండీ. కాల్చే బొమ్మలో ఏ భాగం నుంచైనా ఎదుటి బొమ్మలో ఏ భాగం కనిపించినా కనిపించినట్టే అని రూలు. జెండా కొస, కత్తి మొన, యాంటెన్నా, అన్నీ బొమ్మే. మీకు నచ్చకపోతే ఆటకు ముందు ఇద్దరూ ఒప్పుకుని యాంటెన్నాలు, జెండాలు లెక్కలోకి రావని అనుకోవచ్చు. మా బల్ల మీద అలాగే అనుకున్నాం. ఒక కుర్రవాడు తన ఆర్క్‌లకు (పచ్చ రాక్షసుల సైన్యం) రెండంగుళాల బావుటాలు కట్టుకొచ్చాడు. అంత ముచ్చటగా చేసుకొచ్చినందుకు వాడికి శిక్ష వెయ్యడమేంటనిపించింది.

శిథిల భవనాలది వేరే లెక్క. పాడుబడ్డ గోడకు కిటికీలున్నా సరే, దాని అవతలున్నవాళ్ళు ఇవతలి వాళ్ళకు కనిపించరు. లోపల నిలబడ్డవాళ్ళు మాత్రం కనిపిస్తారు. మీ గొంతులు లేచేది ఎక్కువగా ఇక్కడే అయ్యుంటుంది. కిటికీలోంచి వంగి చూసి "అదిగో, కనిపిస్తోంది" అంటారు. కంటికి కనిపిస్తుంది, రూలుకు కనిపించదు. భవనం కొలత గోడ దగ్గర ఆగదు, దాని అడుగు పీట ఎంతవరకుందో అంతా భవనమే. పీట లేని గోడలు పెట్టుకుంటే ఆట మొదలయ్యే ముందే చాక్‌పీసుతో గీత గీయండి. సగం గొడవలు ఆ గీతతో పోతాయి.

మిగతా సగానికి మందు, కదిపేటప్పుడే నోటితో చెప్పడం. "నీ ఫిరంగికి కనిపించకుండా ఈ గోడ వెనక పెడుతున్నాను, చూసుకో." అవతలివాడు వంగి చూస్తాడు, "కాస్త ఎడమకు జరుపు, చెయ్యి బయటికొచ్చింది" అంటాడు, మీరు జరుపుతారు. ఇక అతని టర్నులో బల్ల కదిలి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఇద్దరికీ తెలుసు అది కనిపించదని. చెప్పకుండా పెట్టి, అరగంట తర్వాత "నేను దాచాననుకున్నాను" అంటే నేను వినను. డైస్ చేతిలోంచి జారాక రూలు పుస్తకం తెరిచేవాళ్ళది కూడా వినను. పడిన అంకె చూశాక మనిషికి రూలు వేరేలా చదవబుద్ధవుతుంది, నాకైనా అంతే.

అంపైరు ఆలోచన పాతదే. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి తోటి అధికారుల శిక్షణకు యుద్ధపు ఆటను అచ్చేసినప్పుడే మధ్యవర్తి ఉన్నాడు. పటం మీద రెండు పక్షాలు, మధ్యలో ఆయన, డైస్, పట్టికలు. పట్టికల చాదస్తం ఎక్కువైందని 1876లో వెర్డీ దు వెర్నోయ్ అనే ప్రష్యా సేనాని అవన్నీ పక్కనపెట్టి, అనుభవమున్న మధ్యవర్తి ఏమంటే అదే ఫలితం అన్నాడు. సైనిక కళాశాలలో అది నడుస్తుంది, అక్కడ మధ్యవర్తి పై అధికారి, ఎవరూ నోరెత్తరు. మీ పద్మారావునగర్‌లో ఆదివారం పూట ఆట మానుకుని పక్కన కూర్చునే మహానుభావుడు ఎవరున్నారో చూడండి. మేం పాటించేది చెప్తాను: మూడు నిమిషాలు పుస్తకంలో వెతుకుతాం, దొరక్కపోతే డైస్ వేస్తాం. 4, 5, 6 పడితే అడిగినవాడిది, 1, 2, 3 పడితే అవతలివాడిది. అసలు రూలు ఏమిటో ఆట అయ్యాక చూసుకుంటాం. అప్పటికి ఎవరికీ అంత పట్టింపు ఉండదు.

ప్రశ్న: రంగులు వేస్తే పది పాయింట్లట! నేను ఆడటానికొస్తాను, బొమ్మలకు రంగులేసే ఓపిక లేదు. పైగా ఈ వానల్లో స్ప్రే ప్రైమర్ కొడితే బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకుగా తయారైంది.
— మారేడ్‌పల్లి నుంచి ఒక డెంటిస్టు

జవాబు: డాక్టరుగారూ, పళ్ళకు పాలిష్ పెట్టే చేతికి ఇదొక కష్టమా! పది పాయింట్ల రూలు నాకూ అంత ఇష్టం లేదు, పోటీల్లో సరే, ఇంటి ఆటలో మేం దాన్ని లెక్కపెట్టం. మీ గ్రూపు లెక్కపెడితే మాత్రం ఆ పది వదులుకోకండి, అవి రెండు ఆబ్జెక్టివ్‌లతో సమానం. పెద్ద కళేం అక్కర్లేదు. ముఖ్యమైన రంగులు పడి, బేస్ పూర్తయితే చాలు.

గరుకు సంగతికి కారణం గాలిలో తేమ, దూరం నుంచి కొట్టడం. రంగు తుంపర బొమ్మ మీద పడేలోపే చెడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా స్ప్రే డబ్బా మూల పెట్టి కుంచెతో వేసే ప్రైమర్ వాడండి, పలచగా రెండు పూతలు. స్ప్రేనే కావాలంటే ఎండ కాసిన మధ్యాహ్నం, డబ్బాను కాసేపు గదిలో పొడి చోట ఉంచి, ఒక జానెడు దూరం నుంచి చిన్న చిన్న విసుర్లుగా కొట్టండి. ముందు బొమ్మ ఊడదీసిన ప్లాస్టిక్ చట్రం ముక్క మీద కొట్టి చూసుకోండి, అది పారేసేదే కదా. ఏప్రిల్, మే నెలల్లో కష్టం ఇంకో రకంగా ఉంటుంది. కుంచె మీదే రంగు ఎండిపోతుంది. వెడల్పాటి టిఫిన్ డబ్బాలో తడిపిన స్పాంజి, దాని మీద బేకింగ్ కాగితం, ఆ కాగితం మీద రంగు. మూత పెట్టి ఉంచితే మర్నాటికీ రంగు మెత్తగానే ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, డిగ్రీ రెండో సంవత్సరం. పాకెట్ మనీతో ఈ ఆట మొదలుపెట్టొచ్చా? త్రీడీ ప్రింటు బొమ్మలు ఒప్పుకుంటారా?
— దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థిని

జవాబు: మొదలుపెట్టొచ్చమ్మా, కొనడంతో మాత్రం మొదలుపెట్టకు. ముందు కాగితంతో ఆడు. బేస్ కొలత సరిగ్గా ఉంటే చాలు, బేస్ ఉన్న బొమ్మల మధ్య దూరాలన్నీ బేస్ నుంచి బేస్‌కే కొలుస్తారు. మామూలు స్పేస్ మెరీన్ బేస్ 32 మిల్లీమీటర్లు, టెర్మినేటర్‌ది 40. అట్ట మీద ఆ చుట్లు గీసి కత్తిరించి పేర్లు రాసుకో. కేడియన్‌లది 28.5, పది రూపాయల బిళ్ళ 27, ఆ ఒకటిన్నర మిల్లీమీటరు నేను చూసీచూడనట్టు వదిలేస్తాను. ఇలా కొన్ని వారాలు ఆడితే నీకు నచ్చే సైన్యం ఏదో తేలుతుంది. చాలామంది బొమ్మ అందం చూసి కొని, ఆ సైన్యం ఆడే తీరు నచ్చక సగం ధరకు అమ్ముకుంటారు. అలా అమ్మేవాళ్ళ దగ్గర నువ్వు కొనుక్కోవచ్చు కూడా.

తర్వాత ఒక కాంబాట్ పట్రోల్ డబ్బా. దాంట్లో ఉన్నదే సైన్యం, పాయింట్ల లెక్క లేదు, లిస్టు గొడవ లేదు. బల్ల కూడా చిన్నది, 44 బై 30 అంగుళాలు. పెద్ద ఆటకు 60 బై 44 కావాలి. ఇక్కడొక కిటుకు: ప్లైవుడ్ కొట్టులో ఎనిమిది బై నాలుగు షీటు ఒకటి తీసుకుంటే రెండు బల్లలూ దాంట్లోనే వస్తాయి. 96 అంగుళాల పొడవులో 60 దగ్గర కోయించు, ఆ ముక్కను 44కు సరిచెయ్యి. మిగిలిన 36 బై 48 ముక్కలో 44 బై 30 హాయిగా పడుతుంది. మిగిలిన పట్టీలు పారెయ్యకు, మెట్లు, గోడలు చేసుకోవచ్చు. నలుగురు స్నేహితులు కలిసి కొంటే ఎవరి మీదా భారం పడదు, షీటు ఎవరింట్లో ఉండాలన్నదే గొడవ.

త్రీడీ ప్రింటు సంగతి. గేమ్స్ వర్క్‌షాప్ సొంతంగా నడిపే పోటీల్లో వాళ్ళ బొమ్మలే ఉండాలి. ఇంటి బల్ల మీద అవతలివాళ్ళు సరేనంటే సరే. నేనడిగేవి మూడు: బేస్ కొలత అదే ఉండాలి, ఎత్తు అటూ ఇటూగా అంతే ఉండాలి, చేతిలో ఏ ఆయుధముందో చూడగానే తెలియాలి. ఒకే బొమ్మను ఈ రౌండులో మెల్టా, వచ్చే రౌండులో ల్యాస్‌కేనన్ అంటే మాత్రం ఒప్పుకోను. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో ప్రింటు తీసినవైతే మే నెలలో కారు డిక్కీలో పెట్టకు, 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది. సాయంత్రం తీసి చూసేసరికి సైన్యమంతా నమస్కారం పెడుతూ ఉంటుంది.

ప్రశ్న: బొమ్మల్ని మెట్రోలో ఎలా తీసుకెళ్ళాలి? ప్రతిసారీ ఒక చెయ్యో కత్తో విరుగుతోంది.
— మియాపూర్ నుంచి మలక్‌పేట వెళ్ళే పాఠకుడు

జవాబు: బేస్ కింద చిన్న అయస్కాంతం అతికించి ఇనుప పెట్టెలో నిలబెట్టండి. స్టీలు క్యారియరు డబ్బా కొనబోయే ముందు జేబులో ఒక అయస్కాంతం వేసుకెళ్ళండి. మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు అది అతుక్కోదు, డబ్బా ఎంత మెరిస్తే అంత అనుమానించాలి. చిన్న సైజు రేకు ట్రంకు పెట్టె అయితే గట్టిగా పట్టుకుంటుంది, చవక కూడా. పెట్టె నిలువుగా పట్టుకుని ఊపి చూసి, ఒక్క బొమ్మా కదలకపోతేనే రైలెక్కండి. సెక్యూరిటీ దగ్గర పెట్టె తెరవమంటే తెరిచి చూపించండి, ఆర్క్‌లను చూశాక వాళ్ళే ప్రశ్నలడుగుతారు, ఓ ఐదు నిమిషాలు ముందే బయల్దేరండి.

ప్రశ్న: మా బావ నా సైన్యం ఏదో కనుక్కుని, ఆట రోజు పొద్దున దానికి సరిగ్గా విరుగుడుగా లిస్టు మార్చుకొస్తాడు. బావ కదా, ఏమీ అనలేకపోతున్నాను.
— పేరు రాయవద్దన్న పాఠకుడు, అల్వాల్

జవాబు: అనక్కర్లేదు. ముందురోజు రాత్రి తొమ్మిదికి ఇద్దరూ ఒకేసారి లిస్టులు మీ అక్కకు, అంటే ఆయన భార్యకు, పంపాలని రూలు పెట్టు. ఆట మొదలయ్యాక ఆవిడే రెండూ తెరుస్తుంది. మీ అక్క ఒప్పుకోకపోతే నాకు రాయి, ఆవిడతో నేను మాట్లాడతాను.